వడ్ల మిల్లులో ఆర్కెస్ట్రా

ఏ వ్యాపారానికైనా అందరికంటే ముఖ్యమైన మనిషి ఎవరో తెలుసా? ఏ పనీ రాని మనిషి!

నవ్వకండి. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. సూర్యాపేటలో ఏసీ హాల్లో కూర్చుని, మెడలో పేరు రాసిన కార్డు వేలాడేసుకుని, రెండు టీలూ ఒక సమోసా తీసుకుని మరీ నేర్చుకున్న మాట.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు లక్ష్మీనర్సయ్య. మిర్యాలగూడలో మా నాన్న పెట్టిన రైస్ మిల్లుకు ఇరవై ఆరేళ్లుగా ఓనర్ని. ఈ ఇరవై ఆరేళ్లలో నేను బాయిలర్ వెలిగించలేదు, బస్తా ఎత్తలేదు, ఏ మెషిన్‌కూ ఒక్క నట్టయినా బిగించలేదు. మిల్లు చప్పుడు పడక ఆఫీసు గదికి రెండు పొరల అద్దాలు పెట్టించుకున్నాను. ఇన్నాళ్లూ ఈ విషయం లోలోపల కాస్త సిగ్గుగానే ఉండేది. ట్రైనింగుకు వెళ్లాక గానీ తెలియలేదు, అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, క్వాలిఫికేషన్ అని!

ఈ మధ్య వ్యాపారస్తులకు ట్రైనింగులు ఎక్కువైపోయాయని కొందరు విసుక్కుంటున్నారు. పొద్దున ఫోన్ తీస్తే లీడర్‌షిప్పు, సాయంత్రం తీస్తే మైండ్‌సెట్టు. పక్కూరి ఎరువుల షాపాయన కూడా పేరు ముందు కోచ్ అని పెట్టుకున్నాడట. పెట్టుకోనివ్వండి! ఈ ట్రైనింగులే లేకపోతే నాలాంటివాడు తాను ఎందుకున్నాడో తెలియకుండానే పోయేవాడు కదా?

నేను వెళ్లిన ట్రైనింగు పేరు ‘ఆర్కెస్ట్రా నుంచి బిజినెస్ పాఠాలు’. హైదరాబాద్ నుంచి వచ్చిన ట్రైనర్ గారు తెర మీద ఒక వీడియో వేశారు. ఎక్కడో విదేశంలో పెద్ద హాలు. స్టేజీ మీద డెబ్బై మంది. వయొలిన్లు, బాకాలు, మనిషెత్తు డ్రమ్ములు. వాళ్ల ముందు నల్లకోటు ఆసామి ఒకాయన, టికెట్టు కొన్న జనానికి వీపు చూపిస్తూ, చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని ఊపుతున్నాడు. ట్రైనర్ గారు వీడియో ఆపి, ఇందులో ఒక్క చప్పుడూ చేయనిది ఎవరని అడిగారు. ఆ నల్లకోటాయనే! చివర్లో అందరికంటే ముందు ఎవరికి చప్పట్లు పడ్డాయని అడిగారు. మళ్లీ ఆ నల్లకోటాయనకే! వాయించేది వాళ్లు, దండం పెట్టేది ఈయన. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జీవితచరిత్రను అంత గౌరవంగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వీడియోలో వెనక వరసలో ఇంకొకాయన కూడా ఉన్నాడు. మూడు మూలలుగా వంచిన చిన్న ఇనుప కడ్డీ పట్టుకుని, అరగంటసేపు ఊరికే నిలబడి, ఒక్కసారి ‘టింగ్’మనిపించి, మళ్లీ ఊరికే నిలబడ్డాడు. ఆయన్ను చూసి హాలంతా నవ్వింది. నేను మరీ ఎక్కువ నవ్వాను. ఈయన్ను కాస్త గుర్తుంచుకోండి.

ట్రైనింగు మహిమ వారం తిరక్కుండానే నాతో పాటు వచ్చినవాళ్ల ఊళ్లలోనూ మా ఊళ్లోనూ కనబడింది. సూర్యాపేటలో బట్టల షాపు శ్రీధర్, సేల్స్‌మెన్ ఎనిమిది మందీ తను చెయ్యి దించినప్పుడే చీరలు మడవాలన్నాడు. ఒక్క చీర కొనడానికి వచ్చిన ఆడమనిషి, ఎనిమిది చీరలు ఒక్కసారి గాల్లోకి లేచేసరికి బెదిరిపోయి, చెప్పులు అక్కడే వదిలేసి వెళ్లిందట. మునగాల దగ్గర హైవే మీద ధాబా నడిపే నాగరాజు, అన్ని టేబుళ్లకూ రొట్టెలు ఒకే క్షణంలో పడాలన్నాడు. పడ్డాయి కూడా, గంటంపావు తర్వాత! నేను మా ఇంట్లో దోసెల దగ్గర రెండు నిమిషాలు చెయ్యి ఊపి చూశాను. మా ఆవిడ సౌందర్య పిండి గిన్నె, గరిటె నా చేతికిచ్చి టీవీ ముందు కూర్చుంది.

మిల్లులో మాత్రం నన్నెవరు ఆపుతారు?

వెల్డింగ్ షాపులో ఇనుప మంచె ఒకటి చేయించి, మిల్లు నడిమధ్యన నిలబెట్టాను. అద్దాల గది వదిలి మంచె ఎక్కాను. ఇరవై ఆరేళ్లలో నేను చేసిన మొదటి శారీరక శ్రమ అదే. పుల్ల కోసం వెతికితే, బస్తాలో గుచ్చి గింజ తీసి చూసే ఇనుప గొట్టం కనబడింది. పొడవు సరిపోయింది, హుందాగా కూడా ఉంది. కాకపోతే పైకెత్తిన ప్రతిసారీ అందులో మిగిలిన నాలుగు వడ్లు చొక్కా చేతిలోంచి జారి చంకలోకి చేరేవి. ఏ గొప్ప కళాకారుడికి కష్టాలు లేవు చెప్పండి?

తర్వాత సెక్షన్లు విడదీశాను. బాయిలర్ దగ్గరివాళ్లు ఊదే వాద్యాలు. కళ్లంలో ఉడికిన వడ్లు ఊడ్చే సరోజ, మిగతా ఆడవాళ్లు తీగ వాద్యాలు, చీపుర్లన్నీ ఒకే పక్కకు కదలాలి. హమాలీలు డ్రమ్ములు. ఈ హమాలీలకు ఒక అలవాటుంది. బస్తా లేపేటప్పుడు మేస్త్రీ చంద్రయ్య ఒక పాట పదం అందుకుంటాడు, మిగతావాళ్లు గొంతు కలిపి లేపుతారు. ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు నోటితో మాట్లాడతాయా? మాట్లాడవు! పదం బంద్ చేశాను. ఆ సాయంత్రానికి ఇద్దరు నడుములు పట్టుకుని దవాఖానకు వెళ్లారు. క్రమశిక్షణ అలవాటు కావడానికి టైం పడుతుందని సర్దిచెప్పుకున్నాను.

అసలు చిక్కు ఏసుబాబుతో వచ్చింది.

ఏసుబాబు మా మెషిన్ ఆపరేటర్. మాడుగులపల్లి మనిషి, మా మిల్లులో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాడు. అతని మీద నాకు మొదట్నుంచీ రెండు ఫిర్యాదులు. ఒకటి, పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, ఏదో ఊదడానికి పోవాలని సెలవు అడుగుతాడు. రెండోది, పనిలో నిద్రపోతాడు. పొట్టు తీసే మెషిన్ పక్కన స్టూలేసుకుని, అరచెయ్యి మెషిన్‌కు ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంటాడు. మధ్యలో ఉలిక్కిపడ్డట్టు లేచి ఒక చక్రం కొంచెం తిప్పి, మళ్లీ కూర్చుని కళ్లు మూస్తాడు. అద్దాల గదిలోంచి పంతొమ్మిదేళ్లుగా ఈ నిద్రను చూసి చూసి నాకు బీపీ వచ్చింది.

మంచె మీది నుంచి అతనికి గట్టిగా చెప్పాను. కళ్లు తెరిచి ఉండాలి, నన్నే చూస్తూ ఉండాలి, నేను సైగ చేయకుండా మెషిన్ మీద చెయ్యి వేయకూడదని.

“కండ్లు తెరిస్తె సరిగ ఇనపడదు సేటు,” అన్నాడు.

చెవులతో కదా వినేది, కళ్లతో ఏం పని అని అడిగాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి ఏసుబాబు బుద్ధిగా కళ్లు తెరిచి నావైపే చూశాడు. నాకు ఎంత తృప్తిగా ఉందో! మూడో రోజు మధ్యాహ్నం నేను బాయిలర్ వైపు తిరిగి, ఆవిరి పెంచమని రెండు చేతులతో అద్భుతంగా ఊపుతున్నాను. దాదాపు రెండు గంటలు ఊపాను. దిగి వచ్చి చూస్తే, అవతల బియ్యం రావాల్సిన చోట అంతా నూక. కుప్పలు కుప్పలుగా నూక! పొట్టు తీసే మెషిన్‌లో రెండు రబ్బరు రోళ్లు ఉంటాయి. వాటి మధ్య సందు కాస్తంత తగ్గినా గింజ విరిగిపోతుందని నాకు ఆ రోజే తెలిసింది. అలా తగ్గినప్పుడు మెషిన్ చప్పుడు మారుతుందట. ఆ చప్పుడు నాకు తప్ప మిల్లులో అందరికీ వినబడిందట.

చప్పుడు మారితే ఎందుకు సరిచేయలేదని అరిచాను.

“మీరు సైగ చెయ్యలే సేటు,” అన్నాడు ఏసుబాబు. గొంతులో వెటకారం లేదు, కోపం కూడా లేదు. నెలాఖరుకు పని మానేస్తానని, కోదాడలో ఒక మిల్లువాళ్లు రమ్మంటున్నారని చెప్పాడు. అక్కడి సేటు ఇంకా ఏ ట్రైనింగుకూ వెళ్లలేదని ఎవరో అతనికి చెప్పారట.

పోతే పోనీ అనుకున్నాను. వాయించేవాళ్లు వస్తుంటారు, పోతుంటారు. పుల్ల ఊపేవాడు ఉండాలి గానీ!

మరుసటి వారం రెండో లెవెల్ ట్రైనింగు, ఈసారి కోదాడలో. వీడియో కాదు, స్టేజీ మీద నిజమైన ఆర్కెస్ట్రానే పెడతామన్నారు. సరిగ్గా అదే శుక్రవారానికి ఏసుబాబు ఒక్క పూట సెలవు అడిగాడు, ఏదో ప్రోగ్రాం ఉందట. కుదరదని అతనిచ్చిన సెలవు కాగితం చింపేశాను. మంచె మీద నేనూ లేక, మెషిన్ దగ్గర నువ్వూ లేకపోతే మిల్లు ఎవరు నడుపుతారని ఎదురడిగాను. అతను మళ్లీ అడగలేదు.

కోదాడ ఫంక్షన్ హాల్లో ముందు వరసలో కూర్చున్నాను. తెర లేచింది. ఎర్రకోట్లలో పది మంది. కీబోర్డు, డోలక్, తబలా, ప్యాడ్స్, ఇద్దరు పాటగాళ్లు. రెండో వరసలో, భుజాల దగ్గర వదులుగా వేలాడుతున్న కోటు తొడుక్కుని, చేతిలో నల్లటి క్లారినెట్ పట్టుకుని, మా ఏసుబాబు!

నా బీపీ ఎంతకు చేరిందో కొలిచేవాళ్లు లేరు. అతను నన్ను చూశాడు. మొహంలో ఏ మార్పూ లేదు. మిల్లులో స్టూలు మీద కూర్చున్నప్పటిలాగే నెమ్మదిగా కళ్లు మూసుకున్నాడు.

అంతలో ట్రైనర్ గారు, వ్యాపారస్తుల్లో ఎవరైనా వచ్చి కండక్ట్ చేయండని పిలిచారు. ఇలాంటి పిలుపు వచ్చినప్పుడు కూర్చునే రకమా నేను? మూడడుగుల్లో స్టేజీ ఎక్కాను. ప్లాస్టిక్ పుల్ల ఇచ్చారు. ఎత్తాను. పాట మొదలైంది. పుల్ల వేగంగా ఊపాను, పాట ఊపందుకుంది. మెల్లగా ఊపాను, క్లారినెట్ ఒక్కటే సన్నగా, తియ్యగా సాగింది. ఒళ్లు ఝల్లుమంది. చివర్లో కత్తి దించినట్టు పుల్ల దించాను, పాట ఆగింది. హాలంతా చప్పట్లు. వీడియోలో నల్లకోటాయన వంగినట్టే నడుము వంచాను. మళ్లీ నిటారుగా కావడానికి కొంత సమయం పట్టింది.

ట్రైనర్ గారు మైకు తీసుకెళ్లి ఏసుబాబు నోటి దగ్గర పెట్టారు. సార్‌ను చూస్తూ వాయించడం ఎలా అనిపించిందని అడిగారు.

“నేను సార్‌ను సూడలే సార్,” అన్నాడు ఏసుబాబు.

హాల్లో నవ్వులు. నేను కూడా నవ్వాను, ఏం చేయను? మరి ఎవర్ని చూశారని అడిగారు ట్రైనర్ గారు.

“ఎవల్ని సూడలే. డోలక్ ఇన్న. డోలక్ అన్న నన్ను ఇంటడు. చెయ్యి సూస్తె ఆగమయితం సార్.”

ట్రైనర్ గారు తడబడతారనుకున్నాను. వాళ్లు తడబడరండీ, అందుకే వాళ్లు ట్రైనర్లు. అదే నేను చెప్పబోయే రెండో లెవెల్ పాఠం అన్నారు! ఒకరినొకరు వినడమే ఆర్కెస్ట్రా అట. ఈ మాట మొదటి లెవెల్లోనే చెప్పి ఉంటే నాకు ఇనుప మంచె తప్పేది. ఇంతకూ మీరేం చేస్తుంటారని ఆయన ఏసుబాబును అడిగారు.

“ఇది సీజన్‌ల సార్. పని రైస్ మిల్లుల. ఆడ గూడ గిదే పని, ఇనుడు. మెషిన్‌ల ఏది సరిగ లేకున్నా ముందుగాల సప్పుడు మారుతది.”

ఇలాంటి మనిషి దొరికిన ఓనర్ ఎంత అదృష్టవంతుడో, ఎవరాయన అని అడిగారు ట్రైనర్ గారు. నేను ఇంకా స్టేజీ మీదే ఉన్నాను, చేతిలో ప్లాస్టిక్ పుల్లతో. ఏసుబాబు నావైపు తిరగలేదు. నా పేరు చెప్పలేదు. నెలాఖరుదాకా మిర్యాలగూడలోనే ఉంటానని, తర్వాత కోదాడకు వస్తున్నానని మాత్రం చెప్పాడు. నా పరువు అతను కాపాడాడు. నేను అతని సెలవు కాగితం చింపేసిన వాడిని.

టీ టైంలో చూస్తే, ముగ్గురు మిల్లు ఓనర్లు ఏసుబాబు చుట్టూ నిలబడి ఫోన్ నంబర్ రాసుకుంటున్నారు. అప్పుడు నాకు భయం వేసింది. నిజం చెబుతున్నాను, వ్యాపారంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు. పక్కకు వెళ్లి మిల్లుకు ఫోన్ చేశాను. చంద్రయ్య తీశాడు. మెషిన్ ఎవరు చూస్తున్నారని అడిగితే, ఏసుబాబు వారం రోజులుగా సరోజకు చప్పుడు గుర్తుపట్టడం నేర్పుతున్నాడని, ఆమే స్టూలేసుకుని కూర్చుందని చెప్పాడు. కళ్లు మూసుకుని కూర్చుందా అని అడిగాను. అవునన్నాడు. నూక ఎంత పడుతోందని అడిగాను. మంచె కట్టించినప్పటి నుంచి ఇంత తక్కువ ఏ రోజూ పడలేదన్నాడు. వెనక నుంచి హమాలీల పదం వినబడుతోంది.

సాయంత్రం ఏసుబాబును నా కారెక్కించుకున్నాను. పంతొమ్మిదేళ్లలో అతను నా కారెక్కడం అదే మొదటిసారి. దారి పొడవునా మాట్లాడాను. వినడం ఎంత ముఖ్యమో కోదాడ నుంచి హుజూర్‌నగర్ దాకా ఆపకుండా అతనికి వివరించాను! మధ్యలో పక్కకు చూస్తే, సీటుకు తల ఆనించి, డోరు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇంత మంచి విషయం చెబుతుంటే నిద్రపోతాడా అని ఒళ్లు మండింది.

“సేటు,” అన్నాడు కళ్లు తెరవకుండానే. “ముందల ఎడమ చక్రం బేరింగు పోతాంది. ఈడనే సూపియ్యుండ్రి.”

నాకేమీ వినబడలేదు. మాట్లాడటం ఆపి విన్నాను. అప్పుడూ వినబడలేదు. అయినా హుజూర్‌నగర్‌లో మెకానిక్ దగ్గర ఆపాను. అతను చక్రం పైకి లేపి చేత్తో తిప్పి చూసి, ఎన్నాళ్లుగా ఇట్లా నడుపుతున్నారు సార్ అన్నాడు. మంచి స్పీడులో ఉండగా చక్రం పట్టేస్తే ఏమయ్యేదో చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. ఆదివారం సౌందర్యనూ మా అమ్మాయి మానసనూ తీసుకుని అదే కారులో నాగార్జున సాగర్ వెళ్దామని అప్పటికే అనుకుని ఉన్నాను.

బేరింగు మారుస్తుండగా పక్కన టీ బండి దగ్గర నిలబడ్డాం. ట్రైనింగులో నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

“కోదాడ పోకు ఏసుబాబు,” అన్నాను.

అతను టీ పూర్తిగా తాగి, గ్లాసు బండి మీద పెట్టాడు.

“మంచె తీపియ్యుండ్రి సేటు,” అన్నాడు.

“రేపే తీపిస్త.”

“చంద్రన్నోళ్లను పదం పాడుకోనియ్యుండ్రి.”

“పాడుకోమను.”

ఇంకేదో చెప్పాలని ఉన్నట్టు అతను రోడ్డు వైపు చూశాడు. జీతం అడుగుతాడనుకున్నాను. ఎంతయినా సరే అనడానికి నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాను.

“పంతొమ్మిదేండ్ల సంది సెలవు అడుగుతున్న. ఇస్తరు, ఇయ్యరు, అది మీ ఇష్టం. నువ్వేం వాయిస్తవురా అని ఒక్కసారన్న అడగకపోతిరి.”

ఆ రోజు పొద్దున దాకా అది సన్నాయేమో అనుకున్నాను.

అదండీ సంగతి. మంచె విప్పేశారు. ఇనుప గొట్టం మళ్లీ బస్తాలోకి పోయింది. ఆఫీసు అద్దాల్లో ఒక పొర తీయించాను, రెండోది తీయించడానికి ఇంకా ధైర్యం చాలడం లేదు. మా మిల్లులో నాకు కూడా పని ఇవ్వమని ఏసుబాబునే అడిగాను. అతను, చంద్రయ్య, సరోజ కలిసి చాలాసేపు ఆలోచించారు. బాయిలర్ దగ్గర వద్దన్నారు, మెషిన్ దగ్గర అసలే వద్దన్నారు. చివరికి మంచె ఇనుములోంచి ఒక కడ్డీ ముక్క కోయించి, గుమ్మం పక్కన తాడుతో వేలాడదీశారు. రోజూ ఒంటిగంటకు దాన్ని ఒక్కసారి కొట్టాలి, అందరూ సద్ది విప్పుకోవడానికి. వెనక వరస ఆసామి గుర్తున్నాడు కదా? ఆయన్ను చూసి నవ్వినందుకు ఎంత పశ్చాత్తాపపడుతున్నానో! అరగంటసేపు ఊరికే నిలబడటం అంత తేలిక కాదండీ.

నిన్ననే ఫోన్‌లో ఇంకో ట్రైనింగు పిలుపు వచ్చింది. తేనెటీగల నుంచి బిజినెస్ పాఠాలట. ఏసీ హాలు, రెండు టీలు, సమోసా. తప్పకుండా వెళ్లండి, మీ అందరికీ నా సిఫారసు. విదేశాల్లో వయొలిన్లు వాయించేవాళ్ల దగ్గర నేర్చుకుంటాం, తేనెటీగల దగ్గర నేర్చుకుంటాం, రేపు చీమలొచ్చి చెప్పినా నోట్సు రాసుకుంటాం. మన దగ్గర జీతం తీసుకునే మనిషి చెబితే మాత్రం మనకు చెవులు పనిచేయవు. ఎందుకంటారు?

నేనైతే ఈసారి వెళ్లడం లేదు. ఒంటిగంటకు నాకు మిల్లులో పనుంది. ఇవాళ కూడా వాచీ చూసుకుంటూ నిలబడి, సరిగ్గా టైముకు, చెయ్యి తిరిగినవాడిలా కడ్డీ మీద ఒక్క దెబ్బ వేశాను. టింగ్‌మంది. బాగా కొట్టానా అని ఏసుబాబు వైపు చూశాను. అతను స్టూలు మీద కళ్లు మూసుకునే ఉన్నాడు.

“మంచిగనే కొట్టిన్రు సేటు,” అన్నాడు. “కాని ఇంక మూడు నిమిషాలున్నది.”